అతినిగ్రహం ఉన్నవారికి నైపుణ్యాల క్లాసు నడపడం ఎలా

కోపం, ఏడుపు, ఆవేశం ఆపుకోలేనివాళ్లకు ఏం నేర్పాలో మన కౌన్సెలర్లకు బాగానే తెలుసు. వీళ్లకు సరిగ్గా అవతలి కొసన ఉండేవాళ్లు వస్తేనే తడబడతాం. వచ్చిన మనిషి టైముకు వస్తాడు, ఫీజు ముందే కడతాడు, అడిగినదానికి పొందిగ్గా జవాబు చెబుతాడు, చివర్లో "ఫర్వాలేదండీ, బాగానే ఉన్నా" అంటాడు. చదువులో ర్యాంకులు, బ్యాంకులో ఆఫీసరు ఉద్యోగం, చుట్టాల్లో "ఎంత నెమ్మదస్తుడో" అన్న పేరు. లోపల మాత్రం ఏళ్ల తరబడి వదలని డిప్రెషన్, తిండి విషయంలో కఠినమైన నియమాలు, మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఒక్క మనిషీ లేకపోవడం.

ఇలా భావాలను మితిమీరి బిగబట్టుకునే తీరునే అతినిగ్రహం అంటున్నాం. ఇలాంటివాళ్ల కోసం థామస్ లించ్ రూపొందించిన చికిత్స రాడికల్లీ ఓపెన్ డీబీటీ (డీబీటీ అంటే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, మాటలతో, అభ్యాసాలతో చేసే మానసిక చికిత్స). మనం చెప్పుకునే నైపుణ్యాల క్లాసు అందులో ఒక భాగం. దాని మాన్యువల్ 2018లో వెలువడింది. మందులకు సరిగా లొంగని డిప్రెషన్ ఉన్న 250 మందితో బ్రిటన్‌లో జరిపిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. చికిత్స ముగిసే 7 నెలల దగ్గర, మామూలు చికిత్స మాత్రమే తీసుకున్నవారికన్నా ఈ చికిత్స కూడా తీసుకున్నవారిలో డిప్రెషన్ బాగా తగ్గింది. 12 నెలల దగ్గర ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. క్లయింటుకు, ఇంట్లోవాళ్లకు చెప్పేటప్పుడు ఈ రెండు ముక్కలూ చెప్పండి.

ఈ పద్ధతి దృష్టిలో అసలు బాధ ఒంటరితనం. నిగ్రహం మితిమీరితే మొహం మూసుకుపోతుంది. మూసుకుపోయిన మొహాన్ని చూసి ఎదుటి మనిషి శరీరం జాగ్రత్త పడుతుంది. 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో పరిచయం లేని మహిళలను జంటలుగా కూర్చోబెట్టి, కలతపెట్టే సినిమా చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరికి భావాలు బయటపడనివ్వవద్దని రహస్యంగా చెప్పారు. అలా అణచుకున్న మనిషి ఎదురుగా కూర్చున్నావిడకు, ఆ సంగతేమీ తెలియకపోయినా, రక్తపోటు పెరిగింది. కాబట్టి ఈ క్లాసులో "మీ ఆలోచన మార్చుకోండి" అని మొదలుపెట్టం. మొహం, ఊపిరి, గొంతు, కూర్చునే తీరు, వీటితో మొదలుపెడతాం.

మొదటి మెట్టు: ఎవరిని చేర్చుకోవాలి

చేర్చుకునే ముందు ఒక్కొక్కరితో విడిగా గంటసేపు మాట్లాడండి. "మీరు భావాలు అణచుకుంటారా" అని అడిగితే ఏమీ తేలదు. పని జరిగే చోట అడగండి. ఫోన్ చేసే ముందు ఏం మాట్లాడాలో మనసులో రిహార్సల్ వేసుకుంటారా? ఇంట్లో ఎవరైనా గిన్నెలు సర్దితే మళ్లీ తీసి సర్దుతారా? పదేళ్ల కిందట పెళ్లిలో ఎవరో అన్న మాట ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తుందా? తోటి ఉద్యోగికి ప్రమోషన్ వస్తే మొహాన అభినందన, కడుపులో మంట రెండూ ఒకేసారి ఉంటాయా? చివరగా, "నాకు సాయం కావాలి" అని ఎవరినైనా అడిగి ఎన్నాళ్లయింది?

బయట నెమ్మది, ఇంట్లో గిన్నె విసరడం అనే కేసుల దగ్గర పొరపాటు పడకండి. రోజంతా బిగబట్టినది నాలుగు గోడల మధ్య, తనవాళ్ల ముందు మాత్రమే కారుతుంటే అదీ అతినిగ్రహమే. అప్పు చేసి తాగడం, తోచినప్పుడు ఉద్యోగం మానేయడం, ఎక్కడ పడితే అక్కడ గొడవ పడటం వేరు. వాళ్లకు ఈ క్లాసు పనికిరాదు. వాళ్లను, వీళ్లను కలిపి కూర్చోబెడితే అతినిగ్రహం ఉన్నవాళ్లు క్లాసు జరిగే రెండున్నర గంటలూ మిగతావాళ్లకు సర్దిచెప్పే పెద్దమనుషులైపోతారు.

మన దగ్గర అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది ఇంకొకటి ఉంది. అత్తగారింట్లో నోరు మెదపని కోడలు, మేనేజర్ ముందు తలదించుకునే గుమాస్తా, హాస్టల్ వార్డెన్ దగ్గర మౌనంగా ఉండే ఇంటర్ పిల్లాడు, వీళ్లందరికీ అతినిగ్రహం ఉన్నట్టు కాదు. భయం వల్లో, మర్యాద వల్లో ఒకచోట తగ్గి ఉండటం పరిస్థితి నేర్పిన తెలివి. తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: "పుట్టింటికి వెళ్లినప్పుడు, చిన్ననాటి స్నేహితులు కలిసినప్పుడు ఎలా ఉంటారు?" అక్కడ పగలబడి నవ్వుతూ, అలిగి, ఏడ్చి, కబుర్లు చెప్పే మనిషి అయితే ఈ క్లాసు ఆమెకు కాదు. అక్కడా అలాగే బిగుసుకుని ఉంటేనే చేర్చుకోండి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే ముందు ఆమె భద్రత చూడండి. మనసులో మాట బయటపెట్టమని అలాంటిచోట నేర్పితే దెబ్బలు తినేది ఆమే.

చావు ఆలోచనల గురించి సూటిగా అడగండి. వీళ్లు ఏడవరు, బెదిరించరు. పథకం వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఉంచుకుంటారు. ప్రశాంతంగా ఉన్నారు కదా అని ఈ ప్రశ్న వదిలేయకండి. టెలీ మానస్ నంబరు 14416, ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మొదటి రోజే అందరి నోట్‌బుక్ అట్ట లోపల రాయించండి. తిండి బాగా తగ్గించేసి బరువు కోల్పోయినవారిని ముందు ఫిజీషియన్‌కు చూపించాకే తీసుకోండి.

గది, బల్ల, టైము

పూర్తి కోర్సు 30 పాఠాలు, వారానికి ఒకటి, ఒక్కో క్లాసు రెండున్నర గంటలు, మధ్యలో 15 నిమిషాల విరామం. దీంతోపాటు ప్రతి ఒక్కరికీ వారానికి ఒక గంట వ్యక్తిగత సెషన్ ఉండాలి. ఆ సెషన్లు మొదలైన రెండు మూడు వారాలకు క్లాసులో చేర్చండి. క్లాసుకు ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. నేర్పేవాళ్లు ఇద్దరుండాలి: ఒకరు పాఠం చెబుతుంటే రెండోవారు మొహాలు చూడాలి. ఆ ఇద్దరిలో ఒకరైనా ఈ చికిత్సలో శిక్షణ పొందినవారై ఉండాలి.

కుర్చీలు గుండ్రంగా వేయకండి. గ్రూప్ థెరపీ అనగానే వలయం గుర్తొస్తుంది కానీ వీళ్లకు అది బోనులో నిలబడ్డట్టు ఉంటుంది. పొడుగాటి బల్ల, చుట్టూ కుర్చీలు, మధ్య మధ్య చోటు, ముందు వైట్‌బోర్డు. నోట్సు రాసుకునే వంకతో కళ్లు దించుకోవచ్చు, బల్ల అడ్డం ఉంటుంది. ఇది చదువుకునే చోటు అని గది చూడగానే తెలియాలి. చదువు అంటే వీళ్లకు భయం లేదు.

గది చల్లగా ఉండాలి. విజయవాడ మే నెలలో ఇది విలాసం కాదు. చెమట పట్టి గుండె వేగం పెరిగితే "నాకు కంగారుగా ఉంది, అందరికీ కనిపిస్తోంది" అని వీళ్ల మెదడు లెక్కవేస్తుంది, ఆ తర్వాత పాఠం ఎక్కదు. ఏసీ 24 దగ్గర పెట్టండి, కరెంటు పోతే ఇన్వర్టరు కనీసం ఫ్యాన్లనైనా తిప్పేలా చూసుకోండి. కిర్రుమనే ఫ్యాను ఉంటే బాగు చేయించండి. వీళ్లు మెల్లగా మాట్లాడతారు, "కాస్త గట్టిగా" అని రెండోసారి అంటే మూడోసారి మాట్లాడరు.

సూర్యారావుపేటలోనో, అరండల్‌పేటలోనో క్లినిక్ ఉంటే మెట్ల మీదే తెలిసినవాళ్లు ఎదురవుతారు. అందుకే గుంటూరువాళ్లు విజయవాడకు, విజయవాడవాళ్లు గుంటూరుకు రావడానికి ఇష్టపడతారు. రానివ్వండి, కానీ ప్రయాణం కలుపుకొని టైము పెట్టండి. చేర్చుకునేటప్పుడు ఊరు, ఇంటిపేరు, పనిచేసే చోటు మీ దగ్గర సరిచూసుకోండి. ఒకే క్లాసులో వియ్యాలవారి తరఫు చుట్టాలు ఎదురుబొదురు కూర్చున్నారో, ఇద్దరూ నోరు విప్పరు. వాట్సాప్ గ్రూప్ పెట్టకండి, నంబర్లు అందరికీ కనిపిస్తాయి. విడివిడిగా మెసేజ్ పంపండి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు కాబట్టి ఆ వారం ముందే సెలవు ప్రకటించండి. క్లాసు చివరి నిమిషంలో రద్దయితే వీళ్లు ఏమీ అనరు, మనసులో మాత్రం రాసిపెట్టుకుంటారు.

పిలుపులు ఒకేలా ఉండాలి. రిటైరైన డిప్యూటీ తాసిల్దారు పక్కన ఇరవై ఏళ్ల సీఏ విద్యార్థి కూర్చున్నప్పుడు ఆయన్ను "గారూ" అని, ఈ అమ్మాయిని "ఏమ్మా" అని పిలిస్తే ఆ అమ్మాయి కోర్సంతా ఆయన మాటకు తలూపుతూనే గడుపుతుంది. వయసుతో పనిలేకుండా అందరికీ పేరు చివర "గారు", అందరికీ "మీరు".

క్లాసు సాగే వరస

మొదట కొద్ది నిమిషాలు మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణం మీద మనసు నిలిపే అభ్యాసం. తర్వాత ముప్పావు గంట హోంవర్క్. విరామం. ఆ తర్వాత కొత్త పాఠం, దాని మీద ఇద్దరిద్దరుగా అభ్యాసం, వచ్చే వారం పని.

మధ్యలో ఎక్కడో ఒకచోట, చెప్పాపెట్టకుండా, ఒక నిమిషంలోపు ముగిసే చిలిపి పని చేయించాలి. ముందు మీరు వెనక్కి వాలి, కనుబొమ్మలు లేపి, చిరునవ్వుతో మొదలుపెట్టండి: "అందరూ లేవండి, నేనన్నట్టే అనండి, ఉల్లిపాయలోయ్!" బండి మీద కూరలమ్మే మనిషి కేకలా, తర్వాత పాట పాడినట్టు, తర్వాత గుసగుసగా. మూడుసార్లు అనిపించి, చప్పట్లు కొట్టి, కూర్చోబెట్టి వెంటనే పాఠంలోకి వెళ్లిపోండి. "ఎలా అనిపించింది?" అని అడగొద్దు. అడిగిన క్షణంలో అది పరీక్ష అయిపోతుంది. ఎవరైనా చేయకపోతే అటు చూడకండి. ఏదో ఒక వారం పెదవి కదులుతుంది. ముందే చెప్పి చేయిస్తే వాళ్లు దానికీ సిద్ధమై వస్తారు. సిద్ధపడకుండా నలుగురితో కలవడమే ఇక్కడ అభ్యాసం.

మొదటి నెలలోనే నేర్పాల్సింది: మూడు పనులు, పైన ఒకటి

కుర్చీలో ఉన్నప్పుడు వీపు ఆనించి వెనక్కి వాలడం. నెమ్మదిగా లోతుగా ఊపిరి తీసుకుని వదలడం. పెదవులు మూసి, కళ్ల దాకా వెళ్లే చిరునవ్వు. పైన ఒకటి, కనుబొమ్మలు లేపడం. నాలుగూ కలిపి చేస్తే భద్రంగా ఉన్నామన్న కబురు శరీరం నుంచి మెదడుకు వెళుతుంది, ఎదుటివారికి స్నేహం కనిపిస్తుంది. మాటలతో ధైర్యం చెప్పుకోవడం కన్నా ఇది త్వరగా పనిచేస్తుంది.

మీరు చేసి చూపించకుండా చెప్పకండి. మొదట మొహంలో ఏ కదలికా లేకుండా, "మిమ్మల్ని చూడటం సంతోషంగా ఉంది" అనండి. తర్వాత నాలుగూ చేస్తూ అదే మాట అనండి. తేడా ఏమిటో వాళ్లనే చెప్పనివ్వండి. ఆ తర్వాత ఫోన్ కెమెరాలో ఎవరి మొహం వాళ్లు చూసుకోవాలి. చాలామందికి అక్కడే తెలుస్తుంది: తాము నవ్వుతున్నామనుకున్నప్పుడు పెదవుల చివర్లు మాత్రమే కదిలాయి, కళ్లు కదల్లేదు. అది కౌంటరు దగ్గర ఇచ్చే మొక్కుబడి నవ్వు.

ఇందులో సాధారణంగా చెడేవి మూడు. ఒకటి, ముందుకు వంగి నవ్వడం. అప్పుడు బతిమాలినట్టు ఉంటుంది. రెండు, అన్నివేళలా నవ్వడం. ఎదుటి మనిషి తన తండ్రి పోయిన సంగతి చెబుతుంటే నవ్వు తీసేయాలి, ఊపిరి, కుర్చీలో వాలడం మాత్రం ఉంచుకోవచ్చు. ఎవరైనా మిమ్మల్ని తొక్కిపెడుతున్నప్పుడూ ఇది వాడకూడదు. మూడు, కనుబొమ్మలు. మన దగ్గర చటుక్కున కనుబొమ్మ ఎగరేస్తే "ఏంటి సంగతి?" అన్నట్టో, సరసమాడినట్టో ఉంటుంది. ఆడవాళ్లకు ఇది నిజమైన ఇబ్బంది. ఎగరేయకుండా, వింటున్నంతసేపూ కాస్త పైకి లేపి ఉంచమనండి. మొదటి రెండు వారాలు ఇంట్లోవాళ్లతో, స్నేహితురాళ్లతో మాత్రమే అభ్యాసం.

దగ్గరవడం: ఒక మెట్టు ఎక్కువ

ఈ పాఠానికి ఒక క్లాసంతా కేటాయించినా తక్కువే. సూత్రం చిన్నది. ఎదుటివారు ఎంత బయటపెట్టారో మీరూ అంత బయటపెట్టండి, దాని మీద ఒక్క మెట్టు ఎక్కండి. బోర్డు మీద 1 నుంచి 10 దాకా గీత గీయండి. కింద ఎండ, ట్రాఫిక్, బస్సు లేటు. నడుమ ఇష్టాయిష్టాలు, అభిప్రాయాలు, జీవితంలో కావాలనుకున్నవి. పైన సిగ్గు, భయం, ఎదుటి మనిషి మీద ఉన్న ప్రేమ.

స్టాఫ్‌రూమ్‌లో ఇద్దరు లెక్చరర్లు మాట్లాడుకుంటున్నారనుకోండి.

"ఎండలు మండిపోతున్నాయండీ."

"అవునండీ" అని ఊరుకుంటే మాట అక్కడే చచ్చిపోతుంది. "అవునండీ, రాత్రి నిద్రే పట్టలేదు. అసలు మావాడు హాస్టల్‌కి వెళ్లినప్పటి నుంచీ సరిగా పట్టట్లేదు లెండి" అంటే అది ఒక మెట్టు. అవతలివారు "మీవాడు కూడా హాస్టలేనా? మా అమ్మాయి వెళ్లినప్పుడు నేను వారం రోజులు వంటింట్లోనే ఏడ్చానండీ" అంటే వారూ ఎక్కారు. "ఏం హాస్టలు? ఫీజెంత?" అంటే ఎక్కలేదు. అప్పుడు మళ్లీ ఒకసారి ప్రయత్నించాలి, అప్పటికీ ఎక్కకపోతే ఆ రోజుకు వదిలేయాలి.

క్లాసులో వీళ్లు చేసే తప్పు ఏమిటంటే ప్రశ్నలు వేయడం. ఎదుటివారి గురించి పది వివరాలు రాబడతారు, తమది ఒక్కటీ చెప్పరు, సంభాషణ బాగా జరిగిందని రిపోర్టు చేస్తారు. అందుకే అభ్యాసంలో ప్రశ్న వేయకూడదన్న నిబంధన పెట్టండి. ఐదు నిమిషాలు, "నేను" అని మొదలయ్యే వాక్యాలే. రెండో తప్పు, ఉన్నపళంగా 2 నుంచి 9కి దూకడం. ఏళ్లుగా మోసినది ఒక్కసారి దించేసి, ఇంటికెళ్లి సిగ్గుతో నిద్రపోరు, మరుసటి వారం రారు. అలా జరిగితే ఆ సాయంత్రమే ఫోన్ చేయండి.

స్వీయ విచారణ నోట్‌బుక్

రోజూ ఐదు నిమిషాలు, అర పేజీ, అంతే. ఆ రోజు మనసు చివుక్కుమన్న చోటు ఒకటి తీసుకుని, "ఇందులో నేను నేర్చుకోవాల్సింది ఏమైనా ఉందా?" అని రాయాలి. జవాబు వెంటనే వస్తే నమ్మకూడదు. అది పాత అలవాటు చెప్పే జవాబు. ప్రశ్నను ప్రశ్నగానే రేపటికి వదలాలి. వీళ్లు పన్నెండు పేజీలు రాసి, రంగుల పెన్నుతో అండర్‌లైన్ చేసి తెస్తారు. మెచ్చుకోకండి. ఐదు నిమిషాలు దాటి రాస్తే అది తనను తాను బోనెక్కించుకోవడమే. రాసిన దాంట్లో ఒక్క వాక్యమైనా వారంలో ఒక మనిషికి చదివి వినిపించాలి. ఒంటరిగా నేర్చుకోవడం వీళ్లకు ముందే వచ్చు కదా.

హోంవర్క్ చూసే పద్ధతి

"చేశారా?" అని అడిగితే అందరూ చేశామంటారు. నిజమే, చేసి ఉంటారు. వినయంగా, నూటికి నూరు మార్కులకు చేస్తారు, మనిషి మాత్రం అంగుళం కదలడు. ఇదే ఈ క్లాసులో అన్నిటికన్నా మోసగించే విషయం. ఒక్కొక్కరికి నాలుగైదు నిమిషాలు ఇచ్చి ఒకే సంఘటన అడగండి: ఎక్కడ, ఎవరితో, మీ మొహం ఏం చేసింది, వాళ్ల మొహం ఎలా మారింది? సలహాలు, ఓదార్పులు వద్దు. వారానికి ఒక పని కావాలనే సగంలో ఆపి తెమ్మనండి.

"మీ ఇష్టమండీ." గొంతులో ఏ ఒడిదుడుకూ లేకుండా ఈ మాట వినిపిస్తే ఆగండి. చాలాసార్లు దాని అర్థం "నాకు ఒప్పుదల లేదు, కానీ చెప్పను" అని. తల వంచుకుని, భుజాలు దించి మాట్లాడకపోవడం ఇంకో రూపం. "నన్నేమీ అడగొద్దు" అని చెప్పకనే చెప్పడం. రెండింటికీ మనకు అలవాటైన స్పందన బుజ్జగించడం. అది చేస్తే ఆ సంకేతం ఇంకా బలపడుతుంది. మొదటిదానికి నవ్వు మొహంతో, "మీ ఇష్టం అన్నారు, అందులో మీ ఇష్టం కూడా కొంచెం చెప్పండి" అని ఆగి, చూపు పక్కకు తిప్పి, కొన్ని క్షణాలు ఎదురుచూడండి. అందరి చూపూ మీద పడితే వీళ్లకు వేడెక్కుతుంది, తీసేస్తే చల్లబడుతుంది. నిజం చెప్పగానే వెంటనే చల్లబరచాలి, అంటే పొగడకుండా "థాంక్సండీ" అని పక్కవారి దగ్గరకు వెళ్లిపోవాలి. రెండోదాన్ని పట్టించుకోకుండా, మామూలుగా, అందరినీ అడిగినట్టే అడగండి. తల ఎత్తినప్పుడు మీ చూపు అక్కడ ఉండాలి.

మీతో గొడవ రావాలి, సరిచేసుకోవడమూ జరగాలి. వ్యక్తిగత సెషన్లలో పద్నాలుగో సెషన్ నాటికి చికిత్సకుడితో మనస్పర్థ వచ్చి, సరిదిద్దుకోవడం కొన్నిసార్లయినా జరగకపోతే ఆ సంబంధం ఇంకా పైపైనే ఉన్నట్టని ఈ పద్ధతి లెక్క. క్లయింటు ఒక్కసారిగా ముభావంగా మారితే చేస్తున్న పని ఆపండి, వెనక్కి వాలండి, "ఇప్పుడే ఏదో మారినట్టుంది, నేనన్న మాట ఏదైనా తగిలిందా?" అని అడగండి. "అబ్బే, ఏం లేదండీ" అంటారు. ఇంకొక్కసారి మెత్తగా అడగండి. పది నిమిషాలకు మించనివ్వకండి, తప్పు మీదైతే ఒప్పుకుని, తిరిగి పాఠంలోకి రండి. ఎక్కువసేపు సాగదీస్తే, నిజం చెప్పినందుకు శిక్ష పడినట్టుంటుంది, మరోసారి చెప్పరు.

మానేస్తామన్నప్పుడు

ఇలాంటివాళ్లు గొడవపడి మానరు. "చాలా ఉపయోగపడిందండీ, ఇక నేనే చూసుకుంటాను" అని మర్యాదగా మెసేజ్ పెట్టి ఆగిపోతారు, ఎక్కువగా ఎవరికైనా కొంచెం దగ్గరైన మరుసటి వారమే. అందుకే కోర్సు మొదట్లోనే మాట తీసుకోండి: మానాలనిపిస్తే ఫోన్‌లో కాదు, ఒక్కసారి మనిషిగా వచ్చి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. వచ్చినప్పుడు ఆపడానికి వాదించకండి. ఏ క్లాసు తర్వాత ఈ ఆలోచన వచ్చిందో, ఆ రోజు ఎవరు ఏమన్నారో అడగండి. మధ్యలో పోయిన పాఠాలుంటే తర్వాతి బ్యాచ్‌లో ఆ నంబరు పాఠం వచ్చినప్పుడు వచ్చి కూర్చోవచ్చని చెప్పండి. 30 పాఠాలు పూర్తిచేసినవాళ్లకు సర్టిఫికెట్ ఇవ్వకండి. వీళ్ల బీరువాల్లో అవి ఇప్పటికే చాలా ఉన్నాయి. దానికి బదులు చివరి క్లాసులో, తర్వాతి నెలలో ఎవరింటికి కాఫీకి వెళతారో, ఎవరిని పిలుస్తారో, పేరూ తేదీ నోట్‌బుక్‌లో రాయించి, ఆ ఫోన్ అక్కడే చేయించండి.